కాఫీ తల రంగు

పోర్ట్‌లాండ్
18 జనవరి 1987

అక్కా,

నీ కేకు అందింది. పోస్టులో ఒక మూల నలిగింది గానీ రుచికేం లోటు రాలేదు. అమ్మ చేస్తే ఏడు పొరలుండేవి, నువ్వు ఆరుతో సరిపెట్టావు. లెక్కపెట్టానని కోప్పడకు. ఈ వానల్లో ఒంటిగాడికి అంతకంటే పనేముంటుంది?

ఐలీ పోయాక ఇది మొదటి చలికాలం. ఇల్లు చాలా పెద్దదైపోయింది. ఆమె మట్టిరంగు మఫ్లర్ ఇంకా కుర్చీ వీపు మీదే ఉంది. పొద్దుగూకగానే దాన్ని తీసి కాఫీ ఉండే గాజుపెట్టెలో ఒక మూల పరుస్తాను. వాడు దాని కిందికి దూరి పడుకుంటాడు. ఇంట్లో మనిషి వాసన అంటూ మిగిలింది దానికే మరి.

కాఫీ ఎవరని అడుగుతావేమో. ఆరేళ్ళ కిందట అమ్మని సాగనంపి తిరిగి వెళ్తూ మన పాముల గుంటలోంచి విషం లేని గార్టర్ పాముని ఒకదాన్ని కాఫీ డబ్బాలో వేసుకుని వెళ్ళానే, వాడే. దేశం సరిహద్దు దగ్గర ఆఫీసరు డబ్బాలో ఏముందని అడిగితే కాఫీ అన్నాను, ఆ పేరే ఉండిపోయింది. దారి పొడుగునా ఐలీ కారు తలుపుకి అతుక్కుపోయి కూర్చుంది. పామంటే ఆమెకి అంత భయం.

అసలు విషయానికొస్తున్నాను. ఇల్లు అమ్మేసి వచ్చేస్తాను అక్కా. చూసి వెళ్ళిపోవడానికి కాదు, ఉండిపోవడానికే. మే నెలలో మంచు కరిగి పాములు బయటికొచ్చే మొదటి వెచ్చటి ఆదివారం, నాన్న తీసుకెళ్ళినట్టే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని గుంట దగ్గరికి వెళ్దాం. కాఫీని వాడి వాళ్ళలో వదిలేస్తాను. పుట్టిన చోటికి వాడూ చేరతాడు, నేనూ చేరతాను. పై గది ఖాళీగానే ఉందా?

నీ తమ్ముడు
హల్లి


ఆర్బోర్గ్
2 ఫిబ్రవరి 1987

ఒరేయ్ హల్లీ,

ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు మరిచిపోయాను. పొంగి వంటిల్లంతా అయింది. తుడుస్తూ కూడా నవ్వుకుంటూనే ఉన్నాను. రా. ఈ మాట రాయడానికి నాకు ఇంత కాగితం అక్కర్లేదు, అయినా రాస్తాను: రా.

ఆరు పొరలెందుకు పెట్టానో తెలుసా? ప్లమ్ పళ్ళు చాలలేదు. కిందటేడు నువ్వు డబ్బా నిండా పంపుతానని పంపలేదు కనక.

పై గదిలో ప్రస్తుతం డెనీస్ అనే పిల్ల సామాను పెట్టుకుంది. విన్నిపెగ్ యూనివర్సిటీ వాళ్ళ పిల్ల, మన గుంటలో పాముల్ని కొలిచి పోతుంటుంది. నువ్వొస్తున్నావని, కాఫీని గుంటలో వదులుతావని గొప్పగా చెప్పాను. మొహం మాడ్చుకుంది. "బయటి పాముని ఇక్కడ వదలకూడదండీ. వాటి జబ్బులు వీటికి అంటుకుంటాయి" అంది. "బయటిదేమిటి, మా గుంటలోదే" అన్నాను. "మీ తమ్ముడుగారుండే చోట కూడా గార్టర్ పాములుంటాయి, వేరే ఉపజాతి. ఇదేదో ఖాయంగా తెలిస్తే గానీ ఒప్పుకోను" అంది. ఆ మొండితనం చూసి నాకు ముచ్చటేసింది.

గుర్తులు చెప్పింది, రాసుకో. మనవాటికి తల ముదురు పాచి రంగు, పక్కల చారల మధ్య ఎర్రటి అడ్డగీతలు. మీ వైపు వాటికి ఒళ్ళు నల్లగా ఉండి, పక్కల ఎర్ర మచ్చలు, తల కూడా ఎర్రగా ఉంటుందిట. పొలుసులు లెక్కపెడితే తేడా తెలియదుట, జాతి ఒకటే కనక. రంగే చూడాలి.

నీ రంగుల సంగతి ఆ పిల్లకి చెప్పలేదు. స్ట్రాబెర్రీలు కోసుకు రమ్మంటే గంప నిండా పచ్చికాయలు తెచ్చి అమ్మ ముందు పెట్టి మెప్పు కోసం నిలబడ్డవాడివి. సిగ్నల్ దీపాలు పోల్చలేకపోయావనే కదా రైలు కంపెనీ నిన్ను ఇంజను ఎక్కనివ్వకుండా షెడ్డులో సుత్తి ఇచ్చి కూర్చోబెట్టింది. కాబట్టి రంగు నువ్వు చూడకు, ఎవరికైనా చూపించు.

ఇంకొకటి. ఏ మట్టిరంగు మఫ్లర్ అది? మీ పెళ్ళికి ఐలీకి నేనొకటి అల్లి పంపాను, మట్టిరంగుది కాదు, గుర్తుందా. ఆ చలికాలమంతా కళ్ళు పోగొట్టుకుని అల్లాను. అది ఏమయిందో అడగను. పోయినవాళ్ళ మీద అలగడం ఏం బాగుంటుంది?

నీ కోసం ఒక కప్పు ఎక్కువ కడుగుతున్న
గున్నా


పోర్ట్‌లాండ్
20 ఫిబ్రవరి 1987

అక్కకి,

ఊరికి రావాలంటే నా పాముకి పరీక్ష పెడతారని అనుకోలేదు. పై గది ఆ పిల్లకి అద్దెకిచ్చి ఉంటే ఆ మాటే రాయొచ్చు. పాము మీద పెట్టి చెప్పడం దేనికి?

కాఫీ మన గుంటవాడే. నా చేత్తో పట్టుకున్నాను, నా చేత్తో డబ్బాలో వేశాను, మూతకి మేకుతో చిల్లులు నేనే పెట్టాను. ఇంకెవరు సాక్ష్యం చెప్పాలి? అయినా నీ మాట తీసెయ్యడం ఇష్టం లేక భూతద్దం పెట్టి చూశాను. నడుము దగ్గర పొలుసులు పందొమ్మిది వరసలు. పై పెదవి మీద ఒక్కో వైపు ఏడు. పాముల పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. తల మట్టిరంగు, ఎప్పుడూ ఉన్నట్టే. నా ఇంట్లో పాము తల ఏ రంగో పక్కింటికెళ్ళి అడగమంటావా?

వాడికి నా మీద ప్రేమ లేదన్నది మాత్రం ఒప్పుకుంటాను. మొదట్లో ఉండేది, మణికట్టుకి చుట్టుకుని చొక్కా చేతిలో నిద్రపోయేవాడు. నాలుగేళ్ళ కిందట, నాకు నడుము ఆపరేషనయిన సంవత్సరం, వసంతంలో చాలాకాలం ఆస్పత్రిలో ఉండిపోయాను కదా. ఇంటికొచ్చి చేతిలోకి తీసుకుంటే చెయ్యంతా కంపు చేసి విదిలించుకున్నాడు, గుంటలోంచి పట్టుకున్న మొదటి రోజులాగే. బాగా లావెక్కాడు కూడా. "నిన్ను మరిచిపోయాడు, అలిగాడు. మళ్ళీ మచ్చిక చేసుకో" అంది ఐలీ. అప్పటిదాకా పెట్టె ఉన్న గదిలోకే రాని మనిషి, నేను లేనన్నాళ్ళూ తనే వానపాములు తవ్వి పెట్టిందిట. చేతులు మోచేతుల దాకా గీసుకుపోయి ఉన్నాయి. ఏమిటవంటే గులాబీ ముళ్ళంది. నేను లేకపోతే గానీ ఆమెకి ధైర్యం రాలేదని నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

మఫ్లర్ సంగతి నాకు తెలియదు. ఐలీకి ఉన్నది అదొక్కటే. చలికాలం మొత్తం దాన్నే మెడకి చుట్టుకునేది.

ఈస్టర్ తర్వాత ఇల్లు కొనేవాళ్ళు కాగితాల మీద సంతకాలకి వస్తారు. ఈలోపు నన్ను రావద్దనాలనుంటే తిన్నగా అనెయ్యి.

హల్లి


ఆర్బోర్గ్
8 మార్చి 1987

అలకరాయుడికి,

అరవై దాటినా నీ ముక్కు మీద కోపం చిన్నప్పటిలాగే ఉంది. ఆ పిల్ల పై గదిలో ఉన్నది రెండు పెట్టెలూ, ఒక జత బూట్లూ. అవి నిన్ననే కిందికి దింపించాను. గోడలకి రంగు వేయిస్తున్నాను. ఏ రంగని అడగకు, చెప్పినా నీకు ఒకటే.

రావద్దనేదాన్నయితే ఇన్నేళ్ళూ నీ కోసం ఈ పొలం అమ్మకుండా ఎందుకుంచుతాను? పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి ఇద్దరికి సరిపడా కాఫీ పెట్టేస్తున్నాను. తర్వాత గుర్తొచ్చి రెండో కప్పు కూడా నేనే తాగుతున్నాను. డాక్టరుకి తెలిస్తే తిడతాడు. నువ్వొచ్చి నీ కప్పు నువ్వు తాగితే నా గుండెకి మంచిది.

నిన్న గుంట దాకా నడిచి వెళ్ళాను. మంచు మోకాలి లోతు. ఆ కిందెక్కడో సున్నపురాయి పగుళ్ళలో వేలకి వేలు చుట్టలు చుట్టుకుని నిద్రపోతున్నాయి. నాన్న ఆ అంచునే కూర్చుని పళ్ళ మధ్య చక్కెరబిళ్ళ పెట్టుకుని కాఫీ పీల్చేవాడు. "వీటికి దారి ఎవరు చెప్పార్రా? వేసవంతా చిత్తడి నేలల్లో తిరిగి సరిగ్గా ఈ పగులుకే వస్తాయి" అనేవాడు. నువ్వు చొక్కా చేతుల నిండా పాముల్ని కూరుకుని నా వెంట పడేవాడివి. నేను ఏడ్చేదాన్ని కాదు, గుర్తుందా. చేతికందిన పాముని తీసి నీ మెడలో వేసేదాన్ని.

రంగు ఫోటో ఒకటి పంపు. ఎండలో, తల బాగా కనబడేట్టు. ఆ పిల్ల నోరు మూతపడుతుంది, నాకూ నిశ్చింత. పాతవి ఏమయినా ఉన్నా పరవాలేదు.

మఫ్లర్ గురించి ఇంక ఎత్తను. నాదెక్కడో పడేసుకుందని అర్థమైంది. నా కాఫీ తాగి చిక్కగా ఉందని నీళ్ళు కలుపుకున్న మనిషి నా అల్లిక మెడకి చుట్టుకుంటుందని ఎలా అనుకున్నానో.

గున్నా


పోర్ట్‌లాండ్
25 మార్చి 1987

అక్కా,

ఫోటో ఇందులో ఉంది. పక్కింటి లూపే తీసింది. మొక్కల దుకాణం నడుపుతుంది, ఐలీకి నేస్తం, ఇద్దరూ కలిసే తోటపని చేసేవాళ్ళు. పాతవి లేవు. ఐలీకి ఫోటోలు తీయడం రాదు, నాకు తీసే అలవాటు లేదు.

కాఫీని బయటికి తీసి ఎండలో పెట్టగానే లూపే చాలాసేపు చూసి "ఇది ఇంకా బతికే ఉందా?" అని నవ్వింది. ఫోటో తీసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ తన గుమ్మంలోకి వెళ్ళిపోయింది. ఐలీ గుర్తొచ్చి ఉంటుంది.

నీకు కోపంగా రాసినందుకు మనసులో పెట్టుకోకు. ఐలీ బట్టలు చర్చికి ఇచ్చేశాను, మఫ్లర్ ఒక్కటే ఉంచుకున్నాను. రైలు టిక్కెట్టు కొనేశాను, వెళ్ళడానికే గానీ తిరిగి రావడానికి కాదు. టిక్కెట్లవాడు "రానూపోనూ కొంటే చవక పెద్దాయనా" అన్నాడు. అవసరం లేదన్నాను. బయటికొచ్చాక ఎందుకో టిక్కెట్టు తీసి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

రెండు కప్పులూ పెట్టు. వస్తున్నాను.

హల్లి


ఆర్బోర్గ్
6 ఏప్రిల్ 1987

నా హల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కాఫీ కలుపుకుని, చక్కెరబిళ్ళ నోట్లో పెట్టుకుని చదువు.

ఫోటో వచ్చింది. వచ్చిన రోజు డెనీస్ ఇక్కడే ఉంది. ఆమెకి చూపించకుండా గడియారం వెనక పెట్టేశాను. చూపించాల్సిన పని లేదు కనక. నాకు కళ్ళున్నాయి. తల ఎర్రగా ఉంది. మాసిన ఎరుపు కాదు, అనుమానపడే ఎరుపు కాదు. నువ్వు కొయ్యకుండా మొక్కకే వదిలేసి వచ్చిన పండు స్ట్రాబెర్రీ రంగు. ఒళ్ళు నల్లగా, పక్కల ఎర్ర చుక్కలు. మన గుంటలో పుట్టిన పాము కాదది. మీ ఊరి పాము.

ఫోటోని గడియారం వెనకే ఉంచి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. అవునురా, ఆలోచించాను. మనవాడే, తీసుకుని వచ్చెయ్యి అని ఒక్క ముక్క రాస్తే నువ్వు నా ఎదురుగా కూర్చుంటావు. డెనీస్‌కి ఏదో ఒకటి చెప్పుకుంటాను. పై గది రంగు ఆరింది, కొత్త పరుపు వచ్చింది. ఈ వయసులో నాకు కావలసింది నా ఎదుట రెండో కప్పు ఖాళీ అవడమే.

అంతలో నీ ఫిబ్రవరి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నువ్వు ఆస్పత్రిలో ఉండగా లావెక్కాడని రాశావు. నిన్ను మరిచిపోయాడని రాశావు. కొత్తగా పట్టిన పాములా కంపు చేశాడని రాశావు. ఐలీ చేతుల మీద ముళ్ళగీతలని రాశావు. ఆ మాటలన్నీ నీ చేత్తోనే రాసి, నీకే అర్థం కాలేదా తండ్రీ?

మన కాఫీ ఆ వసంతంలోనే చచ్చిపోయాడు. నువ్వు మంచం మీద కదలలేకుండా ఉన్నావు. ఆ మాట నీకు చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. చెప్పే బదులు వెళ్ళి ఇంకొక దాన్ని పట్టుకొచ్చింది. నువ్వు రంగు పోల్చలేవని ఆమెకి తెలుసు. మన గుంట అంచుకి రమ్మంటే కారు దిగని ఐలీ, కాళ్ళు పైకెత్తుకుని సీట్లో ముడుచుకుని కూర్చున్న ఐలీ, మీ ఊరి పొదల్లో పాము కోసం పాకింది. నాకు తోచింది ఇదే. తప్పయితే మంచిదే. లూపేని అడుగు. ఆవిడ ఊరికే ఏడవలేదు.

నేను ఆమెని ఎన్ని మాటలన్నానో నీకు తెలుసు. నిన్ను అంత దూరం లాక్కుపోయింది అనేదాన్ని. ఫోటో చూసిన దగ్గర్నుంచీ ఆమె గురించి ఒక్క మాటా అనబుద్ధి కావడం లేదు.

ఈ పాముని మన గుంటలో వదలడానికి వీల్లేదు. మీ వాన తప్ప మా చలి ఎరగదు, ఏ పగులులోకి దిగాలో దానికి తెలియదు, గడ్డకట్టి చస్తుంది. నీ సంగతి వేరు. నువ్వు పాముతో వచ్చినా పాము లేకుండా వచ్చినా పై గది నీదే. కానీ లూపేని అడిగేదాకా సంతకం పెట్టకు. నిన్ను రమ్మని ఇంత గట్టిగా కోరుకున్నదాన్ని నేను. నేనే చెబుతున్నాను, పెట్టకు.

అక్క


పోర్ట్‌లాండ్
21 ఏప్రిల్ 1987

గున్నక్కా,

ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని కంచె దాకా వెళ్ళాను. లూపే మొక్కలకి నీళ్ళు పోస్తోంది. "కాఫీ తల ఏ రంగు?" అని అడిగాను. ఆవిడ గొట్టం కింద పెట్టి, "చెప్పనని ఐలీకి ఒట్టేశాను. అడిగితే అబద్ధం చెప్పమని మాత్రం ఆవిడ అనలేదు" అంది.

నువ్వు అనుకున్నదే అక్కా. పెట్టె కడుగుతుంటే కాఫీ కదలకుండా పడి ఉన్నాడట. ఐలీ పరిగెత్తుకుంటూ లూపే దగ్గరికెళ్ళి "మా ఆయన వాడిని వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్నాడు, వాళ్ళమ్మ పోయినప్పుడు. ఆయనకి ఏం చెప్పను?" అని ఏడ్చిందట. తర్వాత ఇద్దరూ రబ్బరు బూట్లు వేసుకుని రైలు కట్ట వెనక కాలవ గట్టుకి వెళ్ళారు. అక్కడంతా బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు. ఎండ కాసిన రోజల్లా వెళ్ళేవాళ్ళు. లూపే పిండిసంచి పట్టుకుని నిలబడేది. ఐలీ చెయ్యి చాపేది, గడ్డి కదిలితే కెవ్వుమని వెనక్కి పడేది, మళ్ళీ చాపేది. నేను పట్టిస్తానులే అంటే లూపేని ముట్టుకోనివ్వలేదట. "రోజూ నేనే పట్టుకోవాలి కదా. ఇప్పుడే అలవాటు చేసుకోనీ" అందట.

దొరికిన మొదటిదాన్ని వదిలేసింది. దాని ఒంటి మీద చారలు లేవు, నేను పోల్చేస్తానని. రెండోదాన్ని చూసి లూపే అందట, "దీని తల చూడు, ఇది పనికిరాదు, కళ్ళున్న ఎవరైనా పట్టేస్తారు" అని. ఐలీ నవ్విందట. "మా ఆయన పట్టలేడు. ఆ రంగు ఆయనకి లేదు" అందట.

నాలుగేళ్ళు అక్కా. నేను వాడికి మన గుంట కబుర్లు చెప్పేవాణ్ణి, నాన్న గురించి చెప్పేవాణ్ణి. ఆమె పక్కన కూర్చుని వినేది. ఒక్కసారి కూడా ముఖం తిప్పుకోలేదు. నేను ఊరి మీద బెంగతో ఉన్నానని ఆమెకి తెలుసు. ఊరిని తెచ్చి పెట్టలేక, ఊరి పాములాంటి దాన్ని తెచ్చి పెట్టింది.

ఇల్లు కొనేవాళ్ళకి లేదని చెప్పేశాను. వాళ్ళు కోప్పడ్డారు, కోప్పడనీ. టిక్కెట్టు మార్చుకున్నాను. ఈసారి రానూపోనూ కొన్నాను, టిక్కెట్లవాడు నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు. మేలో వస్తాను, ఉత్త చేతులతో. రెండు కప్పులూ పెట్టు. గుంట అంచున కూర్చుందాం, నువ్వు తిట్టాలనుకున్నవన్నీ తిట్టు. తర్వాత నాకు ఇక్కడికి తిరిగి రావాలనుంది. వచ్చే చలికాలం నువ్వే ఇటు రా. ఐలీ తోట చూద్దువుగాని. నీ రెండో కప్పు ఇక్కడ నేను తాగుతాను.

మొన్న ఆదివారం ఎండ బాగా కాసింది. కాఫీని కాలవ గట్టుకి తీసుకెళ్ళాను. వాణ్ణి కాఫీ అనాలో వద్దో తెలియలేదు, కాఫీ అనే పిలిచాను. లూపే తోడొచ్చింది. వాడికి అలవాటని గడ్డి మీద ఐలీ మఫ్లర్ పరిచి, దాని మీద వదిలాను. వెంటనే వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు, తల మఫ్లర్ మీద ఆనించి ఎండ కాచుకుంటూ ఉండిపోయాడు.

నాకు తల బాగానే కనబడుతోంది, కళ్ళు కనబడుతున్నాయి, నాలుక ఆడించడం కనబడుతోంది. లూపే మాత్రం వంగి వంగి చూసి, "తల ఎక్కడుంది హల్లీ? నల్లటి ఒళ్ళు తప్ప నాకేం తెలియడం లేదు. తలా మఫ్లరూ ఒకే రంగు" అంది.

కాసేపటికి వాడు గడ్డిలోకి జారుకున్నాడు. మఫ్లర్ దులిపి నా మెడకి చుట్టుకున్నాను.

అక్కా, నేను దాన్ని మట్టిరంగు మఫ్లర్ అన్నప్పుడల్లా ఐలీ "అవును, మట్టిరంగే" అనేది. నువ్వు మా పెళ్ళికి అల్లి పంపింది ఇదే కదూ?

హల్లి